పొయ్యి కొనే ముందు పొగగొట్టం చూడండి: బడి, హాస్టలు వంటశాలలపై బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లకు, విద్యాశాఖ, సంక్షేమ శాఖల జిల్లా అధికారులకు, వంటశాలల ఎస్టిమేట్లు రాసే ఇంజనీర్లకు నమస్కారం.

గ్యాసు ఉన్న బడిలో గ్యాసు మీదే వండాలి. అందులో మాకు రెండో మాట లేదు. గ్యాసు అందని చోట, సిలిండరు నెల మధ్యలోనే అయిపోయే చోట, వందల మందికి అన్నం వార్చడానికి ఇంకా కట్టెనే నమ్ముకున్న హాస్టళ్లలో జరిగే ఒక పని గురించే ఈ లేఖ. ఆ వంటశాలల్లో ఇటుక పొగగొట్టం ఎప్పుడో కట్టేసి ఉంటుంది. కొత్తగా తలుపున్న ఇనప పొయ్యి వస్తుంది. దాని వెనక ఉన్న ఆరంగుళాల గొట్టాన్ని పాత పొగగొట్టానికి కన్నం కొట్టి దూరుస్తారు, చుట్టూ సిమెంటు మెత్తుతారు, ఫొటో తీస్తారు, బిల్లు అవుతుంది. నాలుగు వారాలు తిరక్కుండా పొగ వెనక్కి తన్నడం మొదలవుతుంది. వంటమ్మలు తలుపు తీసేసి వండుతారు, తరవాత పొయ్యినే మూలకు నెట్టి మళ్లీ మూడు రాళ్లు పెట్టుకుంటారు. ‘వాళ్లకి వాడడం రాదు’ అని ఫైలు మూసేస్తారు.

వాడడం రాకపోవడం కాదు. పొయ్యి కూడా చాలాసార్లు మంచిదే. తప్పు దాన్ని కలిపిన గొట్టంలో ఉంటుంది.

మేం పొయ్యిలు, పొగగొట్టాలు కట్టే తాపీ, ఇనప పని మేస్త్రీలం. మేం అడిగేది ఒకటే. పొయ్యి కొనుగోలు, పాత పొగగొట్టం బాగుచేత ఒకే ఎస్టిమేటులో ఉండాలి, పొగ పరీక్ష నెగ్గాకే ఆ పని ఎం-బుక్కుకి, అంటే బిల్లుకి ఆధారమయ్యే కొలతల పుస్తకానికి ఎక్కాలి. ఇవాళ పొయ్యి ఒక పద్దు, రిపేరు ఇంకో పద్దు. ఈ రెంటి మధ్య ఉన్న మూడడుగుల కలుపు గొట్టం ఎవరి పద్దులోనూ లేదు.

పొగను పైకి లాగేది పొయ్యి కాదు, గొట్టం లోపలి వేడి. ఈ మాట ఇంజనీర్లకు చెప్పనక్కరలేదు కానీ అంకె ఎంత చిన్నదో ఒకసారి చూడండి. పదమూడు అడుగుల గొట్టంలో పొగ 150 డిగ్రీల వేడితో ఉండి, బయట గాలి 30 డిగ్రీలుంటే, లాగే బలం నీటిమట్టం లెక్కలో సుమారు 1.3 మిల్లీమీటర్లు. అంతే. అదే పొగ గొట్టంలో 80 డిగ్రీలకు చల్లారిపోతే బలం సగం అవుతుంది. వేసవి మధ్యాహ్నం బయట 40 డిగ్రీలుంటే అర మిల్లీమీటరు మిగులుతుంది. కిటికీలు మూసిన గదిలో తిరిగే మోస్తరు ఎగ్జాస్ట్ ఫ్యాను ఇంతకంటే గట్టిగా లాగుతుంది. ఇంత సన్నటి బలం మీద నడిచే పనిలో ఒక్క చీలిక, ఒక్క తప్పు వంపు, తడి కట్టె ఏది పడినా పొగ ఎటు తిరుగుతుందో మీరే ఊహించండి.

అందుకే ముందు కొలవాల్సింది గొట్టం వెడల్పు. మన పాత వంటశాలల పొగగొట్టాలు తెరిచి ఉన్న గాడిపొయ్యిల కోసం కట్టినవి. తెరిచిన పొయ్యి పొగతోపాటు గది గాలిని కూడా బోలెడంత మింగుతుంది కాబట్టి గొట్టం తొమ్మిది అంగుళాల చదరం, కొన్నిచోట్ల అడుగు చదరం పెట్టారు. అప్పటికి అది సరైనదే. తలుపున్న పొయ్యి నుంచి వచ్చే పొగ తక్కువ. ఆ కొంచెం పొగ అంత పెద్ద బావిలోకి వెళ్లేసరికి మెల్లగా కదులుతుంది, గోడలకి వేడి ఇచ్చేస్తుంది, చల్లారి అక్కడే నిలిచిపోతుంది. అమెరికాలో పొగగొట్టాలకు వాడే ఎన్.ఎఫ్.పి.ఎ. 211 నియమావళి దీనికి ఒక సులువైన లెక్క ఇచ్చింది. పొగగొట్టం ఇంటి లోపల ఉంటే దాని వైశాల్యం పొయ్యి మూతి (పొయ్యి వెనక పొగ బయటికి వచ్చే కన్నం) వైశాల్యానికి మూడింతలు మించకూడదు. బయటి గోడకి ఆనుకొని గాలికి ఉంటే రెండింతలు మించకూడదు.

మన లెక్క వేద్దాం. ఆరంగుళాల గుండ్రటి మూతి వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు. తొమ్మిది అంగుళాల చదరపు గొట్టం 81. అంటే మూడింతలకి కొంచెం తక్కువ. లోపలి గోడలో ఉంటే గట్టెక్కుతుంది, బయటి గోడలో ఉంటే పనికిరాదు. మన బడి వంటశాలల్లో గొట్టం దాదాపుగా బయటి గోడలోనే ఉంటుంది. అడుగు చదరపు గొట్టమైతే 144, అంటే అయిదింతలు. దానికి లోపల స్టీలు గొట్టం దింపకుండా పొయ్యి కలపడం డబ్బు పొగలో పోయడమే.

లోపల దింపే గొట్టం గురించి కొంచెం ఎక్కువ చెప్తాం, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, ఒక మిల్లీమీటరు మందం, పొయ్యి మూతి ఎంతో అంతే వ్యాసం, ఎక్కడా సన్నబడకూడదు. గాల్వనైజు రేకు వద్దు. దాని జింకు పూత 200 డిగ్రీలు దాటితే పెచ్చులూడుతుంది, ఇంకా కాలితే ఆ పొగ పీల్చినవాళ్లకి జ్వరం తెప్పిస్తుంది. నీళ్ల పైపు పి.వి.సి. 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, దాన్ని పొగకి పెట్టినవాళ్లూ ఉన్నారు. సిమెంటు రేకు గొట్టాలు పొయ్యి దగ్గర వేడికి పగులుతాయి, పైగా పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసినప్పుడు ఆ దుమ్ము వంటశాలలోనే పడుతుంది. మామూలు ఇనప గొట్టం రెండు మిల్లీమీటర్ల మందంతో బొబ్బిలి, రాజాం వైపు కొన్నేళ్లు నిలుస్తుంది కానీ భావనపాడు నుంచి చింతపల్లి దాకా తీరం వెంబడి ఉప్పు గాలికి త్వరగా తినేస్తుంది. అక్కడ స్టీలే రాయండి.

మూడేసి అడుగుల ముక్కల్ని పైనుంచి తాడుతో దింపుతూ ఒక్కో అతుకుకి మూడు రివిట్లు కొట్టాలి. పై ముక్క కింది ముక్క లోపలికి దిగాలి. చాలామంది తలకిందులుగా పెడతారు. పొగ పైకి పోతుంది కాబట్టి కింది ముక్క పై ముక్కలోకి దూరితే పొగ కారదని వాళ్ల ఆలోచన. పని చేస్తున్న గొట్టంలో ఒత్తిడి బయటికంటే తక్కువ. సందు ఉంటే గాలి లోపలికి పోతుంది తప్ప పొగ బయటికి రాదు. బయటికి వచ్చేది నల్లటి కీలు, అంటే తారు జిడ్డు. పొగలోని తేమ, తారు చల్లారి గోడ వెంట జారుతుంటాయి. అతుకు సరిగ్గా ఉంటే అది గొట్టం లోపలే జారి కిందికి వచ్చి కాలిపోతుంది. తలకిందులైతే అతుకు దగ్గర బయటపడి ఇటుకని తడిపి, గోడ అవతల గోధుమ రంగు మరకై కనిపిస్తుంది. మీ తనిఖీలో గోడమీద అలాంటి మరక కనిపిస్తే సున్నం వేయించకండి, అతుకు చూపించమనండి.

పదమూడు అడుగుల స్టీలు గొట్టం 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర అంగుళం సాగుతుంది. పైనా కిందా కాంక్రీటుతో బిగించేస్తే ఆ అర అంగుళం ఎక్కడికి పోవాలి? మధ్యలో అతుకు విడుతుంది, లేదంటే పై దిమ్మ పగులుతుంది. అందుకని కింద కలుపు గొట్టం వచ్చి చేరే టీ (T) ఆకారపు ముక్క దగ్గర ఆనించి, పైన మాత్రం జారడానికి వీలుగా పళ్లెంలాంటి రేకు కాలరు పెట్టాలి. గొట్టానికి, ఇటుకకి మధ్య సందులో వర్మిక్యులైట్ (వేడిని ఆపే తేలికపాటి ఖనిజపు గుళికలు) ఆరు పాళ్లు, సిమెంటు ఒక పాలు, తడి అంటీ అంటనట్టు కలిపి పోయాలి. వేడి నిలుస్తుంది, గొట్టం కదలడానికీ అడ్డం రాదు. ఇసుక పోస్తే బరువు, వాన నీరు పడితే ముద్ద. కాంక్రీటు పోస్తే ఇక ఆ గొట్టం మార్చడం అనే మాట లేదు, పగలగొట్టడమే.

గొట్టం దింపే ముందు పాతదాన్ని శుభ్రం చేసి చూడాలి. నిరుడంతా వాడని పొగగొట్టంలో గోరింక గూళ్లు, కందిరీగల తుట్టెలు, విరిగిన ఇటుకలు మామూలే. కింద మసి తలుపు (మసి తీయడానికి గొట్టం అడుగున ఉండే చిన్న తలుపు) తెరిచి అద్దం పెట్టి పైకి చూస్తే ఆకాశం నిండుగా కనిపించాలి. తరవాత గొట్టం కంటే అంగుళం తక్కువ వ్యాసంతో గోనెపట్టా ఉండ చుట్టి, తాడు కట్టి పైనుంచి కిందిదాకా దింపాలి. ఎక్కడ ఆగితే అక్కడ అడ్డం ఉంది, కొలిచి రాసుకోవాలి. ఆపైన పొగ పెట్టాలి. కింద కొబ్బరి పీచు సగం తడిపి రాజేసి, పొగ పైకి దూకుతున్నప్పుడు పై మూతిని తడి గోనెతో మూసేసి, గోడ నాలుగు పక్కలా, పైకప్పు కలిసే చోట, పక్క గది లోపల తిరిగి చూడాలి. కొబ్బరి తోటల సీమ అయిన మన ఉద్దానంలో పీచుకి కొదవ లేదు కాబట్టి ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు. పొగ చిమ్మిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫొటో తీయండి. ఎస్టిమేటుకి జతచేయాల్సిన ఫొటో అది.

అద్దె భవనాల్లో నడిచే హాస్టళ్లకి ఇంకో జాగ్రత్త. పాత పెంకుటిళ్లలో దూలం చివరలు పొగగొట్టం గోడలోకి దూరి ఉంటాయి. ఏళ్ల తరబడి సన్న వేడి తగిలిన కర్ర లోపల బొగ్గులా మారుతూ, మామూలు కర్రకంటే తక్కువ వేడికే అంటుకుంటుంది. ఇంగ్లండు కట్టడ నియమాల్లోని ‘జె’ పత్రం ఇటుక గొట్టం బయటి ముఖానికి, కర్రకి మధ్య కనీసం 40 మిల్లీమీటర్లు ఎడం ఉండాలంటుంది. మన దూలాలైతే కోసి వెనక్కి తీసి కింద ఇనప ఊతం ఇవ్వాలి, లేదా ఆ గొట్టాన్ని మానేయాలి. మధ్యే మార్గం లేదు.

ఇక కలుపు గొట్టం. పొయ్యి వెనక నుంచి పొగగొట్టం దాకా ఇది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పక్కకి నడిచే ప్రతి అడుగుకీ కనీసం పావు అంగుళం పైకి ఎక్కాలి, కిందికి వంగనేకూడదు. తొంభై డిగ్రీల మోచేయి వద్దు, రెండు నలభైఅయిదులు వాడండి. పొగగొట్టంలోకి దూరే చివర లోపలి గోడతో సమంగా ఆగాలి. గట్టిగా ఉంటుందని ఆరంగుళాలు లోపలికి తోస్తే ఎదుటి గోడకి తగిలి పొగకి అడ్డం తానే అవుతుంది. పొయ్యి సంస్థ మనిషి వెళ్లిపోయాక వచ్చే ఫిర్యాదుల్లో ఇది చాలా తరచుగా కనిపించే తప్పు, అరగంటలో సరిచేయొచ్చు కూడా. అతుకుల్లో ఫైర్ సిమెంటు, సిరామిక్ తాడు వాడాలి. మామూలు సిమెంటు మొదటి వారంలోనే రాలుతుంది. కలుపు గొట్టం దూరే చోటుకి అడుగు కింద, ఎనిమిది అంగుళాల మసి తలుపు బిగుతుగా మూసుకునేలా ఉండాలి. పాత గాడిపొయ్యిల కన్నాలన్నీ ఇటుకతో మూసేయాలి. ఒక్కటి మిగిలినా గొట్టం పొయ్యిని వదిలేసి అక్కడినుంచి చల్లగాలి లాక్కుంటుంది. ఒక గొట్టానికి ఒకే పొయ్యి. అన్నానికి ఒకటి, పప్పుకి ఒకటి అని రెండు పొయ్యిలొస్తే రెండు గొట్టాలు రాయండి.

ఒంటి పొర ఇనప గొట్టం పక్కన కాలే వస్తువు పద్దెనిమిది అంగుళాల లోపు ఉండకూడదు. కాలే వస్తువంటే కర్ర ఒక్కటే కాదు. వంటశాలలో గోడకి కట్టే మెనూ ఫ్లెక్సీ, బియ్యం గోనెలు, తాటికమ్మల పందిరి, స్టాండు మీద చీపురు. గ్యాసు సిలిండరు ఆ గదిలోనే ఉండకూడదని వేరే చెప్పాలా?

ఎత్తు విషయంలో ఇంగ్లండు పత్రం పొయ్యి మూతి నుంచి గొట్టం కొన దాకా 4.5 మీటర్లు, అంటే పదిహేను అడుగులకి కొంచెం తక్కువ, ఉంటే లాగుడు సరిపోతుందంటుంది. మన వంటశాలల స్లాబు పది, పదకొండు అడుగుల ఎత్తు, గొట్టం ఆ పైన రెండడుగులు లేచి ఆగిపోతుంది. పొయ్యి మూతి నేల నుంచి రెండడుగుల పైన ఉంటుంది. తీసేస్తే మిగిలేది పది, పదకొండు అడుగులే. స్టీలు గొట్టాన్నే ఇటుక దిమ్మ మీంచి ఇంకో నాలుగడుగులు పైకి తీసుకెళ్లాలి. కొన కప్పుకన్నా కనీసం మూడడుగులు పైన, పది అడుగుల దూరంలో ఉన్న ఏ గోడకన్నా, నీళ్ల ట్యాంకుకన్నా రెండడుగులు పైన ఉండాలని అమెరికా నియమం. ట్యాంకు పక్కన పొట్టి గొట్టముంటే గాలి ట్యాంకుని కొట్టి కిందికి మళ్లి పొగని లోపలికి నొక్కుతుంది. కొబ్బరి తోటల మధ్య ఉన్న బడుల్లో చెట్లని దాటి కట్టలేం. అక్కడ గాలి తిరిగేవైపు తిరిగే టోపీ పెట్టాలి.

టోపీ అన్నాం కాబట్టి చెప్తున్నాం. వాన పడకుండా పెట్టే రేకు టోపీ పొగని కూడా ఆపేస్తోంది. గొట్టం మూతికి, టోపీకి మధ్య ఎడం గొట్టం వ్యాసంలో పావు ఉంటే, పొగ పోయే దారి గొట్టం వైశాల్యంతో సమానం. మసి పట్టగానే అది తగ్గిపోతుంది. కాబట్టి వ్యాసంలో సగం ఇవ్వండి, ఆరంగుళాల గొట్టానికి మూడంగుళాలు. పక్షులకి అడ్డుగా జాలీ పెడితే అర అంగుళం కన్నాలకి తక్కువ వద్దు, సన్న దోమల జాలీ పదిహేను రోజుల్లో మసితో పూడిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకి 140–150 కిలోమీటర్ల గాలి వీచింది. మన జిల్లాల్లో దిమ్మ మీద నాలుగడుగులు లేచిన రేకు గొట్టాన్ని మూడు వైపులా తీగతో స్లాబు కొక్కేలకి కట్టకుండా వదలడం, పక్కింటి పిల్లల మీదికి వదలడమే. తీగలు కాలరుకి కట్టాలి, గొట్టానికి కన్నం పెట్టి కాదు.

గదిలోకి గాలి రావాలి. కిలో కట్టె సరిగ్గా మండడానికి తేలిగ్గా పది ఘనపు మీటర్ల గాలి పోతుంది. ఇంగ్లండు లెక్క పాత ఇళ్లలో మొదటి 5 కిలోవాట్లు వదిలేసి ఆపైన కిలోవాటుకి 550 చదరపు మిల్లీమీటర్ల శాశ్వత సందు అడుగుతుంది. గంటకి అయిదు కిలోల కట్టె తినే పొయ్యి సుమారు 20 కిలోవాట్లది, అంటే నాలుగంగుళాల చదరపు జాలీ ఒకటి. మనం రెట్టింపు ఇద్దాం, గోడ అడుగున, పొయ్యి పక్కన కాకుండా ఎదురుగా, మూత లేకుండా. వాన జల్లు కొడుతోందని తలుపు మూసి, కిటికీకి పట్టా కట్టి వండే రోజులే అసలు ప్రమాదం, అప్పటికి మూయలేని సందు ఒకటుండాలి. పొయ్యి ఉన్న గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టకండి. ఉన్నది తీసేయండి, లేదా పొయ్యి వెలగనప్పుడే తిరిగేలా చేయండి. ఫ్యాను మంచికే పెట్టారు, సందేహం లేదు, కానీ అది పొగతోపాటు పొగగొట్టాన్ని కూడా వెనక్కి లాగుతుంది.

వెనక్కి వచ్చే వాయువుల్లో కార్బన్ మోనాక్సైడు విషవాయువు, దానికి రంగు, వాసన లేవు. పొగ కనపడని నిప్పుల దశలోనే అది ఎక్కువ. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వంటమ్మలు ‘వేడి చేసింది’ అని తీసిపారేస్తారు. యూరప్ ప్రమాణం ఇ.ఎన్. 50291 ప్రకారం చేసిన అలారం గాలిలో పదిలక్షల వంతుల్లో 50 ఉంటే గంట నుంచి గంటన్నరలో, 100 ఉంటే పది నుంచి నలభై నిమిషాల్లో, 300 ఉంటే మూడు నిమిషాల్లోపే మోగాలి. రాత్రి నిప్పులు మిగిలే వంటశాల పక్క గదిలో పిల్లలు పడుకునే హాస్టలుకైతే ఇది తప్పనిసరి చేయండి. పొయ్యికి మూడు నుంచి పది అడుగుల దూరంలో, పైకప్పుకి దగ్గరగా బిగించాలి. ఆవిరి నేరుగా తగిలే చోట వద్దు.

పరీక్ష ఇలా చేయండి, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు స్వయంగా నిలబడి. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు కాగితం మండించి మసి తలుపు దగ్గర పెట్టాలి, మంట లోపలికి వంగాలి. తరవాత పొడి కట్టెతో పదిహేను నిమిషాలు మండించి, తలుపులు, కిటికీలు అన్నీ మూసి, వెలిగించిన అగరుబత్తిని పొయ్యి తలుపు అంచు చుట్టూ, గుండిగ అంచు చుట్టూ, ప్రతి అతుకు దగ్గరా తిప్పాలి. అగరుబత్తి పొగ లోపలికే పోవాలి. ఒక్క చోట బయటికి తోసినా పరీక్ష తప్పినట్టే. ఇప్పుడు పక్క గదుల్లో ఫ్యాన్లుంటే అన్నీ వేసి మళ్లీ తిప్పాలి. ఇదంతా గంట పని. నెగ్గితే గోడమీద కరెంటు మీటరు పక్కన చిన్న రేకు పలక బిగించి గొట్టం వ్యాసం, రకం, పొడవు, బిగించిన తేదీ, ఏ పొయ్యికో చెక్కించండి. ఇంగ్లండులో ఇలాంటి పలక అడుగుతారు, అందులో గొప్పేమీ లేదు, అయిదేళ్ల తరవాత వచ్చే మేస్త్రీకి లోపల ఏముందో తెలుస్తుంది.

గుండిగ సంగతి మరిచిపోకూడదు. మూసిన పొయ్యిలో గుండిగే మూత. పొయ్యి కన్నానికి పెద్ద గుండిగ సరిపోయి, చిన్న డేగిసా పెట్టినప్పుడు అంగుళం సందు మిగిలితే గొట్టం ఎంత లాగినా పొగ గదిలోకే. కొనేటప్పుడు బడిలో వాడే గుండిగల కొలతలు తీసుకుని, వాటికి రెండు మూడు వలయం పలకలు, గుండిగ దించినప్పుడు కప్పడానికి ఒక మూత పలక అడగండి. బరువైన గుండిగ దించడానికి ఇద్దరు వంటమ్మలు నిలబడే చోటు కూడా కొలవండి.

కట్టె గురించి చెప్పకపోతే పై పనంతా దండగ. అప్పుడే కొట్టిన సరుగుడు దుంగలో బరువులో సగందాకా నీరే. నూటికి నలభై పాళ్లు తేమ ఉన్న పది కిలోల కట్టె మండిస్తే నాలుగు లీటర్ల నీటిని ఆవిరి చేసి గొట్టంలోకి పంపుతున్నాం. పూర్తిగా ఎండిన కట్టె కూడా మండేటప్పుడు కిలోకి అర లీటరు నీటి ఆవిరిని పుట్టిస్తుంది, అది చాలు. ఆవిరి, తారు కలిసి గొట్టం గోడకి పట్టిందే నల్లటి మెరిసే కీలు. దానికి నిప్పంటుకుంటే వెయ్యి డిగ్రీలు దాటుతుంది. తేమ నూటికి ఇరవైకి దిగాలి. దానికి దుంగని మణికట్టు మందానికి చీల్చి, నేలకి అడుగు ఎత్తున పేర్చి, పైన రేకు వేసి, పక్కలు వదిలేయాలి. జనవరి, ఫిబ్రవరిలో కొని చీల్చి పేరిస్తే బడులు తెరిచే జూన్‌కి ఎండుతుంది. జూన్‌లో టెండరు పిలిచి జూలైలో తెచ్చిన కట్టె దీపావళిదాకా తడే. రెండు పేళ్లని ఒకదానికొకటి కొడితే ఠంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే కానట్టు. అధికారికంగా కావాలంటే రెండు ముళ్ల తేమ మీటరు ఉంది, కట్టె చివర కాదు, అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చి చూడాలి.

జీడిపిక్కల తొక్క చవగ్గా దొరుకుతుందని పలాస చుట్టుపక్కల పొయ్యిలో వేయాలని అనిపిస్తుంది. వద్దు. ఆ తొక్కలో ఉండే జీడి నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, దాని పొగ కళ్లనీ గొంతునీ మండిస్తుంది, గొట్టంలో జిగురు కీలు నింపుతుంది. దాన్ని మండించడానికి వేరే కొలిమి, వేరే గొట్టం కావాలి. బడి వంటశాల ఆ చోటు కాదు. పెయింటు వేసిన పాత బల్లల చెక్క, ప్లైవుడ్డు, ప్లాస్టిక్కు సంచులు కూడా అంతే.

మసి మూడు మిల్లీమీటర్లు పట్టిందంటే తీయాలి. వాడకాన్ని బట్టి బడికి రెండు నెలలకోసారి, రోజుకి మూడు పూటలూ వండే హాస్టలుకి నెలకోసారి. గొట్టం వ్యాసానికి సరిపోయే నైలాన్ కుంచె, మూడేసి అడుగుల మర కడ్డీలు ఒక మండలానికి ఒక సెట్టు కొని తిప్పుకుంటే చాలు. స్టీలు గొట్టంలో ఇనప తీగ కుంచె వాడొద్దు, గీతలు పడ్డచోట తుప్పు మొదలవుతుంది. 1983లో మొదలై 2002లో ముగిసిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం నాటి పొగలేని పొయ్యిలు మూలపడడానికి గొట్టంలో పూడిన మసి కూడా ఒక కారణం. మసి తీసే మనిషికి కూలి ఏ పద్దులో ఇస్తారో ముందే రాయండి, లేకపోతే ఆ పని కూడా వంటమ్మల నెత్తిన పడుతుంది.

బూడిద సంగతి రెండు ముక్కల్లో. లోపల నిప్పు మూడు రోజుల దాకా బతుకుతుంది, కాబట్టి మూతున్న ఇనప డబ్బాలో, గోడకి దూరంగా. గోనెలో వద్దు. గొట్టం అంటుకుంటే రైలు పోతున్నట్టు హోరు వినిపిస్తుంది. అప్పుడు పొయ్యి గాలి సందులన్నీ మూసి, పిల్లల్ని బయటికి పంపి 101కి ఫోను చేయాలి. పైనుంచి నీళ్లు పోస్తే వేడి ఇటుక పగులుతుంది, ఆవిరి కింద ఉన్నవాళ్ల మీదికి తంతుంది. ఆరిన తరవాత పొగ పరీక్ష మళ్లీ చేయకుండా ఆ గొట్టంలో మంట పెట్టకూడదు.

మన దేశంలో ఐ.ఎస్. 13152 ప్రమాణం ఉంది కానీ అది కదిలించగల పొయ్యిలకి. దాని ముద్ర ఉన్న పొయ్యి కొన్నంత మాత్రాన పాత ఇటుక గొట్టంతో కలిపిన అతుకుకి ఎవరూ పూచీ పడరు. ఆ పూచీ మీ ఎస్టిమేటులోనే పుట్టాలి. వేసవి సెలవుల్లో వంటశాలలు ఖాళీగా ఉంటాయి, మేస్త్రీలు దొరుకుతారు, వాన ఉండదు. ఏప్రిల్ ఆఖరు వారంలో పొగ పరీక్ష, మే నెలలో గొట్టం పని, జూన్ మొదటి వారంలో అగరుబత్తి పరీక్ష పెట్టుకుంటే బడి గంట కొట్టే రోజుకి పొయ్యి సిద్ధం.

ఒక్క చిన్న పద్దు చివరగా. మన వంటశాలల్లో చాలావాటి స్లాబు మీదికి మెట్లు లేవు. మసి తీయాలన్నా, టోపీ చూడాలన్నా, తుఫాను తరవాత తీగలు బిగించాలన్నా ఎవరో ఒకరు వెదురు నిచ్చెన అరువు తెచ్చుకోవాలి, దొరక్కపోతే ఎక్కరు. వెనక గోడకి అడుగుకొకటి చొప్పున 20 మిల్లీమీటర్ల ఇనప కడ్డీ మెట్లు, పిల్లలు ఎక్కకుండా మొదటిది ఏడడుగుల ఎత్తులో, పైన పట్టుకోవడానికి ఒక కొక్కెం. పది, పదకొండు అడుగుల స్లాబుకి నాలుగైదు మెట్లు చాలు. మొదటి మెట్టు అందుకోవడానికి ఒక చిన్న నిచ్చెన హెచ్ఎం గారి గదిలో ఉండాలి.

ఇట్లు
పొయ్యిలు, పొగగొట్టాలు కట్టే తాపీ, ఇనప పని మేస్త్రీలు
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు